మా దడి పక్కన తంగేడు

ఉదయగిరి వైపు మా ఇంటి వెనక అంతా ఎర్ర గరపనేల. అక్కడ నాటిన గులాబీలు రెండు ఎండాకాలాలు కూడా దాటలేదు. రోడ్డు పక్కన ఎవరూ నీళ్లు పొయ్యని తంగేడు మాత్రం పచ్చగా పూస్తుంటే, ఇక దాన్నే తెచ్చుకుందామనుకున్నా.

మొక్కను పీకి తేవద్దు. నేను తెచ్చిన మూడూ వాడిపోయాయి, వేరు బాగా లోతుకు పోతుంది మరి. ఎండిన కాయల్లోంచి గింజలు తీయండి. పైపొర గట్టిది, అలాగే నాటితే నెలల తరబడి కదలదు. గరుకు కాగితం మీద కాస్త రుద్ది, గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. ఉబ్బినవే నాటండి, అదీ ఉండాల్సిన చోటే, అర అంగుళం లోతున. మాకు ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ కాబట్టి అక్టోబరు మొదట్లో వేస్తా. మొదటి ఎండాకాలం వారానికో చెంబు నీళ్లు చాలు. ఎరువు వద్దు. నీళ్లు నిలిస్తే మాత్రం కుళ్లుతుంది.

ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అది కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే రాలుతుంది. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని జుయ్యిమని ఒళ్లు అదిలిస్తుంది, పొడి రాలుతుంది. పొద్దున్నే టీ గ్లాసుతో అక్కడే నిలబడిపోతా.

ఆకుల మీద పచ్చ పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి లేత రంగు సీతాకోకచిలుకల పిల్లలు. మా ఆవిడ ఒకసారి వేపనూనె కలిపేసింది, పట్టుకుని ఆపా.