పోలీస్ హెలికాప్టర్‌కు కొత్త పరికరాలు బిగించే ముందు జాగ్రత్తలు

హెలికాప్టర్ హ్యాంగర్‌కు వెళ్లే తేదీ దగ్గరపడితే ముందు ఇవి చూడండి.

• ఇంజన్లు ఆగితే దేనికి కరెంటు అందుతుంది? 2013 నవంబర్ 29న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పోలీస్ హెలికాప్టర్ (ఈసీ135 మోడల్) కూలి 10 మంది చనిపోయారు. ట్యాంకులో ఇంధనం ఉన్నా, దాన్ని పంపే పంపులు ఆఫ్‌లో ఉండి రెండు ఇంజన్లూ ఆగాయి. ఎమర్జెన్సీ స్విచ్ వేయలేదు కాబట్టి ఎత్తు చూపే రేడియో ఆల్టిమీటర్‌కు, తిప్పుకునే ల్యాండింగ్ లైటుకు కరెంటు రాలేదు. చీకట్లో పైలట్‌కు అవే దిక్కు. కొత్త వైరింగ్‌లో ఏది ఏ స్విచ్ మీద ఉందో పైలట్ల చేత చేయించి చూశాకే ఎగరనివ్వండి.

• ప్రయాణ వివరాలు నమోదు చేసే ఫ్లైట్ రికార్డర్ (బ్లాక్ బాక్స్) కూడా ఇప్పుడే పెట్టించండి. గ్లాస్గో హెలికాప్టర్‌లో అది లేదు. పంపులు ఎందుకు ఆపారో చివరికీ తేలలేదు. కెమెరా కన్నా ముందు దీనికే డబ్బు కేటాయించాలని నా గట్టి అభిప్రాయం.

• బిగించాక మళ్లీ తూకం వేయించండి. బరువు పెరిగితే ఇంధనం తగ్గించాలి, గస్తీ సమయం తగ్గుతుంది.

• కొత్త స్క్రీన్లను రాత్రిపూట నైట్ విజన్ గాగుల్స్‌తో చూడండి. వెలుతురు ఎక్కువైతే బయట ఏమీ కనిపించదు.

• ఈ పరికరాలు బిగించే అనుమతి పత్రం సరిగ్గా మీ హెలికాప్టర్ మోడల్‌కే ఉందా? లేకపోతే హెలికాప్టర్ నేల మీదే.

• మీ హెలికాప్టర్లన్నిటినీ ఒకేసారి హ్యాంగర్‌కు పంపొద్దు.