టీల్ సీజన్ వస్తోంది: కుక్కను పట్టుకున్న చేతిలో తుపాకీ ఉండకూడదు

పోయిన జనవరిలో టెక్సస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర, నీళ్లు పెట్టిన వరిచేలో నలుగురం మాటు వేసి కూర్చున్నాం. మాలో ఒకాయన తన రెండేళ్ల నల్ల లాబ్రడార్‌ని తెచ్చుకున్నాడు. పేరున్న ట్రైనర్ దగ్గర నాలుగు నెలలుండి వచ్చిన కుక్క. మైదానంలో విజిల్ ఊదితే ఎక్కడున్నది అక్కడే కూర్చునేది. ఆ పొద్దున రెండు బాతులు పడ్డాయి. ఒకటి చచ్చే పడింది. రెండోది రెక్క విరిగి నీళ్ల మీద కొట్టుకుంటూ పోతోంది. దెబ్బతిన్న పక్షిని అలా వదిలేయకూడదు కాబట్టి చివర కూర్చున్నతను లేచి నీటిమట్టానికి గురిపెట్టాడు. సరిగ్గా అప్పుడే కుక్క దూకింది. యజమాని చెయ్యి దాని కాలర్ మీద లేదు. ఆ చేతిలో తుపాకీ ఉంది.

కుక్క బతికింది గానీ ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు కారు తలుపు గట్టిగా వేసినా వెళ్లి మంచం కింద దూరుతుంది. కాల్చినతను మళ్లీ వేటకు రాలేదు. తప్పు అతనిది కాదు. ఆ మాటులో అందరికంటే అనుభవమున్నవాణ్ని నేను. "కుక్క మీ దగ్గరుంది కదా, తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టండి" అని నోరు తెరిచి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. అది నన్ను వదలడం లేదు.

పదకొండేళ్లుగా శని, ఆదివారాలు ఒక రిట్రీవర్ (కూల్చిన పక్షిని నోట కరుచుకుని తెచ్చే కుక్క) ట్రైనర్ దగ్గర పక్షులు విసిరే పని చేస్తున్నాను. ఈమధ్య మనవాళ్లు కూడా లాబ్రడార్ పిల్లను కొని, ట్రైనింగ్‌కిచ్చి, సెప్టెంబర్‌లో టీల్ అనే చిన్న బాతుల వేటకు వెళ్దామని నాకు ఫోన్ చేస్తున్నారు. ఇది వాళ్ల కోసం. అమెరికాలో ఉన్నవాళ్లకే సుమా. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం బాతుల వేట నేరం. చలికాలం కొల్లేరుకు దిగే సూదితోక బాతూ ఇక్కడి పిన్‌టెయిలూ ఒకటే జాతి. ఇక్కడ రోజుకిన్నని లెక్కకట్టి వేటాడనిస్తారు, అక్కడ ముట్టుకోనివ్వరు. ఇక్కడ నేర్చుకున్నది సెలవులకు వెళ్లినప్పుడు ఊళ్లో చూపించొద్దు.

లైసెన్స్, డక్ స్టాంప్, సీసం లేని తూటాలు, తుపాకీలో మూడుకు మించకుండా అడ్డుపుల్ల, ఇవన్నీ హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులోనే చెబుతారు. వాటి జోలికి నేను పోను. ఒక్కటి మాత్రం వీసా మీదున్నవాళ్లకు చెప్పాలి. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ దానికున్న మినహాయింపుల్లో ఒకటి. టెక్సస్ వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. టీల్ సీజన్ సెప్టెంబర్‌లో. పాత లైసెన్స్ జేబులో పెట్టుకుని "ఒక్కసారి పట్టుకో" అన్న స్నేహితుడి తుపాకీ అందుకున్నారంటే మీ వీసాకే ముప్పు. సందేహముంటే ముందే లాయర్‌ని అడగండి.

ఇక అసలు సంగతి.

కుక్క మొదటి సీజన్లో మీ చేతిలో తుపాకీ వద్దు. మీరు వేటగాడు కాదు, కుక్కను నడిపేవాళ్లు, అంతే. కాల్చేది స్నేహితులు.

ఎందుకో చెబుతాను. ట్రైనర్ దగ్గర జరిగేది ఏమిటంటే, పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చాక, అంటే దాదాపు ఆరు నెలల వయసులో కుక్కను తీసుకుంటారు. ముందు సిట్ (కూర్చో), హియర్ (రా), హీల్ (పక్కనే నడువు). తర్వాత నోట్లో పెట్టినదాన్ని నమలకుండా, వదలకుండా పట్టుకోవడం. ఆపైన పడ్డ పక్షిని చూసి గుర్తుపెట్టుకోవడం, పంపేదాకా కదలకుండా కూర్చోవడం. ఈ చివరిదాన్నే స్టెడీ అంటారు. నాలుగు నెలల్లో తెలివైన కుక్క ఇవన్నీ చేసి చూపిస్తుంది. కానీ ఎక్కడ చేసింది? పగటి వెలుతురులో, ఒక్క మనిషి పక్కన, ఒక్క పక్షి పడితే చేసింది. మాటులో చీకటి ఉంటుంది, నలుగురు మనుషులుంటారు, బాతు పిలుపులు ఊదుతుంటారు, ఇరవై పక్షులు తలమీదకు దిగుతుంటే ఒకేసారి నాలుగు తుపాకులు మోగుతాయి. అది ఎప్పుడూ చూడని లోకం. అక్కడ కుక్క పంపకుండానే దూకిందనుకోండి, బాతు దొరికిందనుకోండి, దానికి తెలిసిపోతుంది: దూకితే బాతు దొరుకుతుంది. ఆ ఒక్క బాతు మీరు ట్రైనర్‌కు కట్టిన నాలుగు నెలల డబ్బును తినేస్తుంది. రెండోసారి, మూడోసారి దూకుతుంది. ఏదో ఒకసారి దూకినప్పుడు ఎవరో ఒకరి గురి నీటిమట్టానికి ఉంటుంది.

చేతిలో తుపాకీ ఉంటే మీ కళ్లు ఆకాశం మీద ఉంటాయి. కుక్క లేవబోయే ముందు దాని వెనక తొడలు బిగుసుకుంటాయి, చెవులు ముందుకొస్తాయి, ముందుకాళ్ల మీద బరువు పడుతుంది. అర సెకను. ఆ అర సెకనులో "సిట్" అని మెల్లగా అంటే ఆగుతుంది. ఆకాశం చూస్తున్నవాడికి ఆ అర సెకను దొరకదు. ఇన్నేళ్లలో చెడిపోయిన కుక్కలు చాలా చూశాను. ట్రైనర్ సరిగ్గా నేర్పక పాడైనవి తక్కువ. మొదటి సీజన్లో యజమాని ఆశపడి తానూ కాల్చబోయి పాడుచేసుకున్నవే ఎక్కువ.

ఇంకోటి. నింపిన తుపాకీ నేల మీద గానీ, పడవ అంచుకు ఆనించి గానీ ఉండగా కుక్క కాలు ట్రిగ్గర్ మీద పడొచ్చు. ఇది కట్టుకథ అనుకోకండి. 2015లో ఇండియానాలో బాతుల వేటకు వెళ్లిన ఒకామె నేలమీద పెట్టిన తుపాకీ మీద ఆమె లాబ్రడారే అడుగేసింది, ఆమె పాదానికి గాయమైంది. 2023 జనవరిలో కాన్సస్‌లో పికప్ ట్రక్ వెనక సీటులో ఉన్న రైఫిల్ మీద కుక్క కాలేస్తే ముందు సీట్లో కూర్చున్న మనిషే పోయాడు. సేఫ్టీ వేశాంలే అని ఊరుకోవద్దు. కుక్క కదిలే ప్రతిసారీ తుపాకీ ఖాళీగా ఉండాలి, లేదా మనిషి చేతిలో ఉండాలి.

పేరుతో పెద్ద చిక్కు

మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది ఇదే. రిట్రీవర్‌ని పక్షి మీదకు పంపే మాట చాలామంది ట్రైనర్ల దగ్గర దాని పేరే. పడటం చూసిన పక్షికైతే పేరు పిలిచి పంపుతారు. చూడని పక్షికైతే "బ్యాక్" అంటారు. అంటే మీ సింబాకి "సింబా" అనే మాట "వెళ్లు, తెచ్చెయ్" అని వినిపిస్తుంది. మాటులో బాతు పడగానే పక్కవాళ్లెవరో సంబరంగా "సింబా, చూడరా!" అన్నారా, అయిపోయింది. కుక్కది తప్పు కాదు, పంపారు కాబట్టి వెళ్లింది. మాటులోకి దిగేముందే అందరికీ చెప్పండి: కుక్క పేరు ఎత్తేది ఒక్కరే. పిల్లలకూ చెప్పండి.

పేరు పెట్టేటప్పుడే ఆలోచించండి. జో అని పెడితే "నో" లాగా వినిపిస్తుంది. జాక్ అంటే "బ్యాక్" దగ్గరికొస్తుంది.

ట్రైనర్ వాడిన మాటలే ఇంట్లోనూ వాడాలి. అక్కడ "హియర్" అని నేర్పితే ఇంట్లో అమ్మ "రా నాన్నా, ఇటు రా" అంటుంది, నాన్నగారు "కమ్ కమ్" అంటారు, పిల్లలు చప్పట్లు కొడతారు. పది రోజుల్లో "హియర్" అనే మాటకు విలువ పోతుంది. ముద్దు మాటలు తెలుగులో ఎన్నైనా ఆడుకోండి, దానికి ఇష్టం కూడా. ఆజ్ఞ మాత్రం ఒకటే మాట, ఒక్కసారే. "సిట్, సిట్, సిట్" అని మూడుసార్లంటే మూడోదానికే కూర్చోవడం నేర్చుకుంటుంది.

దీపావళి, జూలై 4

తుపాకీ చప్పుడంటే భయపడే కుక్క పుట్టదు, మనం తయారుచేస్తాం అంటారు మా ట్రైనర్. ఆయన మాటను నేను పూర్తిగా ఒప్పుకోను, పుట్టుకతోనే బెదురుగా ఉండేవీ ఉన్నాయి. కానీ నేను చూసినవాటిలో ఎక్కువ భాగం మనుషులు చేసినవే. అలవాటవుతుందని నాలుగు నెలల పిల్లను షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తారు. అక్కడితో దాని వేట జీవితం ముగిసిపోతుంది. అమెరికా స్వాతంత్ర్య దినం జూలై 4న, చుట్టూ బాణసంచా పేలుతుంటే, పెరట్లో కట్టేస్తారు. మనవాళ్లయితే దీపావళికి కుక్కపిల్లను ఎత్తుకుని మతాబులు కాలుస్తూ ఫొటో దిగుతారు, పక్కనే ఎవరో బాంబు పేలుస్తారు. దీపావళికి కాస్త అటూఇటుగానే పెద్ద బాతుల సీజన్ మొదలవుతుంది.

చప్పుడు పరిచయం చేసే వరస వేరు. ముందు పక్షి మీద పిచ్చి పట్టాలి. కుక్క పక్షి వెంట పరుగెడుతున్నప్పుడు నూరు గజాల దూరంలో చిన్న బ్లాంక్ పిస్టల్ (గుండు లేకుండా చప్పుడు మాత్రమే చేసేది) ఒక్కసారి పేల్చాలి. అది తలైనా తిప్పకపోతే మరుసటి రోజు కొంచెం దగ్గరగా. తల తిప్పితే ఇంకా వెనక్కి. వారాలు పడుతుంది. మీ అంతట మీరు చేయకండి, దీనికోసమే ట్రైనర్‌కి డబ్బిచ్చేది. పండుగ రోజు కుక్కను ఇంట్లో, లోపలి గదిలో, టీవీ పెట్టి ఉంచండి.

ఎండ, నీళ్లు

సెప్టెంబర్ టెక్సస్‌లో చలికాలం కాదు. నీళ్లలో పనే కదా, వేడెక్కదు అనుకుంటారు. ఎండకు కాగిన లోతులేని నీళ్లు కుక్కను చల్లార్చవు. కుక్క మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే పని ఆపాలి. 106కి వచ్చిందంటే ప్రాణం మీదకొచ్చినట్టే. నాలుక చివర గరిటెలా వెడల్పయి వేలాడటం, పిలిస్తే అయోమయంగా చూడటం, అడుగులు తూలటం, వీటిలో ఏది కనిపించినా ఆపేయండి. ముందు చల్లబరచండి, తర్వాత ఆస్పత్రికి బయల్దేరండి. దగ్గరున్న నీళ్లన్నీ ఒళ్లంతా పోసి, కార్లో ఏసీ పూర్తిగా పెట్టి తీసుకెళ్లండి.

పని చేసిన కొద్ది నిమిషాలకే వెనక కాళ్లు పట్టుతప్పి కూలబడే లాబ్రడార్లున్నాయి. అది వేడి ఒక్కటే కాకపోవచ్చు. ఈఐసీ (శ్రమపడితే కూలబడిపోవడం) అనే వంశపారంపర్య జబ్బు ఉంది. దానికి కారణమైన డీఎన్ఎమ్1 జన్యులోపాన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో కనిపెట్టారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు బయటపడుతుంది. డీఎన్ఏ పరీక్షతో తేలిపోతుంది. పిల్లను కొనేముందే తల్లిదండ్రుల రిపోర్టు అడగండి. ట్రైనర్‌కి వేల డాలర్లు కట్టాక తెలుసుకునే సంగతి కాదది.

ఇక మిగతావి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతాను.

నీళ్ల మీద పచ్చరంగు పెయింట్ ఒలికినట్టు తెట్టు కడితే అందులోకి దింపొద్దు. నీలిఆకుపచ్చ నాచు విషం గంటల్లో చంపుతుంది, విరుగుడు లేదు.

తీరం దగ్గర ఉప్పునీటి చిత్తడిలో మంచినీళ్లు మీరే మోసుకెళ్లండి. దాహానికి ఉప్పునీళ్లు తాగితే వాంతులతో మొదలై మూర్ఛలదాకా పోతుంది.

వేసవిలో చెరువులో గంటలకొద్దీ బంపర్ (పక్షికి బదులు తెమ్మని విసిరే తేలే బొమ్మ) విసరొద్దు. నోరు తెరిచి ఈదే కుక్క మింగే నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి.

తీరప్రాంతపు చిత్తడిలో టీల్ సీజన్‌కి మొసళ్లు ఇంకా చురుగ్గానే ఉంటాయి. అక్కడ కుక్కను ఇంట్లోనే ఉంచండి. మొసలి లేదని ఎవరు హామీ ఇచ్చినా నమ్మొద్దు.

బాతుల్ని రప్పించడానికి నీళ్ల మీద వదిలే బొమ్మ బాతుల తాళ్లలో కాళ్లు చిక్కుకుని కుక్కలు మునిగిపోతాయి. ముందు గడ్డి మీద బొమ్మల్ని పరిచి, మధ్యలో నడిపించి అలవాటు చేయండి. మీ నడుముకు కత్తి ఉండాలి.

చెట్లు మునిగిన నీళ్లలో వదులు కాలర్ వద్దు, వదులు జాకెట్ వద్దు.

ఈ-కాలర్ (రిమోట్ నొక్కితే చిన్న కరెంటు షాక్ ఇచ్చే మెడపట్టీ) కోపంతో నొక్కొద్దు. ట్రైనర్ నేర్పని పనికి అసలు నొక్కొద్దు. రాత్రి తీసేయండి, మెడ పుండు పడుతుంది.

ట్రక్ వెనక పెట్టెలో కుక్కను ఉంచి టిఫిన్‌కి వెళ్లొద్దు. ఐదు నిమిషాలకైనా వద్దు.

కుక్కను మాటు ముందు కూర్చోబెట్టి దాని తలమీదుగా కాల్చొద్దు. చెవులు పోతాయి.

నీటిమట్టానికి ఎవరూ కాల్చొద్దు. దెబ్బతిన్న బాతును మళ్లీ కాల్చాల్సి వస్తే, "కుక్క పట్టులో ఉంది" అని మీరు గట్టిగా అన్నాకే కాల్చాలి. ఆ మాట అనాలంటే మీ చెయ్యి కాలర్ మీద ఉండాలి. ఉండాలంటే అందులో తుపాకీ ఉండకూడదు.

తాడు కట్టండి. ట్రైనర్ దగ్గర అవసరం లేకపోయినా మాటులో మొదటి పదిసార్లు కట్టండి.

తుపాకులన్నీ ఖాళీ అని ఒక్కొక్కరూ నోటితో చెప్పాకే కుక్కను పంపండి.

"ఈ ఒక్కటి నేను కాలుస్తాను, కుక్కను కాసేపు నువ్వు చూడు" అని కొత్తవాళ్ల చేతికి తాడివ్వొద్దు. వాళ్లూ ఆకాశమే చూస్తారు.

దూకితే ఆ బాతును దానికి దక్కనివ్వొద్దు. వెనక్కి పిలవండి, కూర్చోబెట్టండి, మీరే నడిచివెళ్లి తెచ్చుకోండి. చలేసినా సరే, నడుంలోతు బురదైనా సరే.

స్నేహితులు నవ్వితే నవ్వనీండి. "ఇంతదూరం వచ్చి కాల్చకుండా కూర్చున్నావేంటి" అంటారు. కూర్చోండి. మొదటి సీజన్లో తుపాకీ వద్దు.

మొదటి రోజు గంట చాలు. మూడు బాతులు తెస్తే ఆపేయండి, కుక్క ఇంకా కావాలంటూ మూలుగుతుండగానే తువ్వాలుతో తుడిచి, కాలివేళ్ల మధ్య ముళ్లు, చెవుల్లో గడ్డిగింజలు చూసి, నీళ్లు పెట్టి ఇంటికి తీసుకెళ్లండి.