అభిమాన కాలేజీ జట్టు ఫుట్‌బాల్ క్యాంప్‌కి వెళ్లడం ఎలా?

1997లో ఎం.ఎస్. చదవడానికి మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్‌లో దిగినప్పుడు నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. ఆ నవంబరు 22న మా మిషిగన్ యూనివర్సిటీ జట్టుకు ఒహాయో స్టేట్ యూనివర్సిటీతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. స్టూడెంట్ల వైపు ఎవరూ కూర్చోరు, నేనూ మూడు గంటలకు పైగా నిలబడే చూశాను. మా చార్ల్స్ వుడ్సన్ పంట్ (అవతలి జట్టు మన వైపు తన్నిన బంతి) అందుకుని 78 గజాలు పరుగెత్తి, మైదానం చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. 20-14తో నెగ్గాం. "నెగ్గాం" అని నేను మొదటిసారి అన్నది ఆ రోజే. అప్పటి నుంచి మిషిగన్ జట్టు మాట వస్తే నోట్లో "మనవాళ్లు" అనే వస్తుంది.

ఇలాంటి పిచ్చి అభిమానం ఉన్న పెద్దవాళ్ల కోసమే ఫాంటసీ క్యాంపులు ఉన్నాయి. ఫోన్‌లో జట్టు కట్టుకుని పాయింట్లు లెక్కపెట్టే ఫాంటసీ లీగ్ వేరు, ఇది వేరు. ఇక్కడ మీరే నిజంగా మైదానంలోకి దిగుతారు. ఆ జట్టు కోచ్‌లో, మాజీ ఆటగాళ్లో నేర్పిస్తే నేర్చుకుని, చివర్లో తోటివాళ్లతో మ్యాచ్ ఆడతారు. మిషిగన్, నోటర్ డామ్ లాంటి యూనివర్సిటీలు ఇలాంటివి నడిపాయి. మిషిగన్ క్యాంప్ ద్వారా వచ్చిన డబ్బు ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకు వెళ్లింది.

ముందుగా: ఏ క్యాంప్, ఎంత, ఏమేం ఉంటాయి

మీ జట్టు క్యాంప్ దొరికే వరకూ ఆగండి. వేరే జట్టుది దగ్గర్లో ఉంది, చవగ్గా వస్తోంది అని వెళ్తే ఆట నేర్చుకుంటారు గానీ ఆ జెర్సీ వేసుకున్నప్పుడు ఒళ్లు పులకరించదు. ఖర్చు మాత్రం బాగానే అవుతుంది, చాలాచోట్ల వేల డాలర్లలో ఉంటుంది. కాబట్టి డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అన్నీ అడగండి. నేర్పేది ఇప్పటి కోచ్‌లా, పాత ఆటగాళ్లా? మ్యాచ్ అసలు స్టేడియంలో ఆడిస్తారా, ప్రాక్టీస్ గ్రౌండ్‌లోనా? గుద్దుకోవడం, పడగొట్టడం ఉంటుందా, నడుముకు కట్టిన జెండా లాగితే సరిపోయే ఫ్లాగ్ ఫుట్‌బాలా? జెర్సీ మనకే ఇస్తారా? కట్టిన డబ్బులో విరాళం ఎంత? దెబ్బ తగిలితే మీ ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ముఖ్యంగా ఇండియా నుంచి విజిటర్ ఇన్సూరెన్స్ మీద వచ్చినవాళ్లు పాలసీ మొత్తం చదవాలి.

తర్వాత: ఒళ్లు సిద్ధం చేసుకోవడం

మిషిగన్ క్యాంప్‌కి వెళ్లినప్పుడు నేను ఇక్కడే తప్పు చేశాను. రోజూ ఐదు మైళ్లు పరుగెత్తేవాణ్ణి కాబట్టి ఏం ఫర్వాలేదనుకున్నాను. మొదటి రోజు పొద్దున మూడో పరుగులోనే తొడ వెనక కండరం పట్టేసింది. ఆ పూటంతా ఐస్ పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. లోపల మిగతావాళ్లు ఆడుతుంటే ఆ బాధ అంతా ఇంతా కాదు.

ఫుట్‌బాల్‌లో ఒకే వేగంతో పరుగెత్తడం ఉండదు. నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా దూకాలి, ఐదారు సెకన్లలో ఆగాలి, పక్కకు తిరగాలి. నలభై దాటిన ఒంటికి ఇదే కష్టం. డాక్టరుకు చూపించుకుని, రెండు నెలల ముందు నుంచీ వారానికి మూడు రోజులు ఇలా చేయండి: బాగా వార్మప్ అయ్యాక పది గజాల పరుగులు, మొదట్లో సగం వేగంతో, నెల తర్వాతే పూర్తి వేగంతో. పక్కవాటు అడుగులు, వెనక్కి పరుగు కలపండి. పిక్కలు, తొడ వెనక కండరాలు బలపడే వ్యాయామాలు మానొద్దు. చివరి వారం మాత్రం విశ్రాంతే.

బంతితో కూడా స్నేహం చేసుకోవాలి. క్రికెట్ ఆడిన చేతికి క్యాచ్ పట్టడం తెలుసు, కానీ ఈ కోల బంతి మొనదేలి, గిరగిరా తిరుగుతూ వస్తుంది. ఛాతీకి పైన వస్తే బొటనవేళ్లు దగ్గరకు, నడుము కింద వస్తే చిటికెన వేళ్లు దగ్గరకు. ఛాతీకి హత్తుకుందామని చూస్తే ఎగిరిపోతుంది, చేతులతోనే పట్టాలి. విసిరేటప్పుడు వేళ్లు కుట్ల మీద ఉండాలి.

సామాన్ల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. కనీసం రెండు వారాలు వాడిన క్లీట్స్ (అడుగున మొనలున్న బూట్లు), రెండు జతల మందపాటి సాక్సులు, నొప్పులకు టేపు ఉంటే చాలు.

అక్కడికి వెళ్లాక

లాకర్ మీద మీ పేరు కనబడగానే ఫొటో తీసుకుంటారు, తీసుకోండి. ఆ తర్వాత ఫోన్ లోపల పెట్టేయండి. హెల్మెట్ ఇస్తే తొందరపడి పెట్టుకోవద్దు. చెవుల దగ్గరి కన్నాల్లో బొటనవేళ్లు పెట్టి విడదీసి దించాలి. ముందు అంచు కనుబొమ్మలకు అంగుళం పైన ఉండాలి. పట్టుకుని అటూ ఇటూ తిప్పితే దాంతోపాటు నుదుటి చర్మమూ కదలాలి, అప్పుడే సరిగ్గా కూర్చున్నట్టు. రెక్కల గుర్తున్న ఆ మిషిగన్ హెల్మెట్‌ను 1938లో కోచ్ ఫ్రిట్జ్ క్రైస్లర్ తెచ్చాడు. అది నా తల మీదకు దిగిన క్షణంలో గొంతు పూడుకుపోయింది.

అందరూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వరుసలోనే నిలబడతారు. మీరూ నిలబడండి, నాలుగు బంతులు విసరండి. కానీ కనీసం ఒక పూట ఆఫెన్సివ్ లైన్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి ఎదుటివాళ్లను ఆపే ఐదుగురి వరుసలో గడపండి. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. ఇరవై ఏళ్లు టీవీలో నేను చూసింది బంతినే. బంతి పట్టుకుని పరుగెత్తని ఆ ఐదుగురు ఏం చేస్తున్నారో ఏనాడూ చూడలేదు. అక్కడ కోచ్ మమ్మల్ని కాళ్లు ఎడం చేసి, ఒక చెయ్యి నేలకు ఆనించి వంగమన్నాడు. తర్వాత మా చేతులనే చూస్తూ నడిచాడు. నేలకు ఆనిన వేళ్ల మీద బరువు పడితే కణుపులు తెల్లబడతాయి. ఎదుటివాడు అది చూసి, ముందుకు దూకబోతున్నాం, బంతి పట్టుకుని పరుగెత్తే ఆట వస్తోందని పసిగడతాడు. బరువు మడమల మీదకు పోతే పాస్, అంటే బంతి విసిరే ఆట అని అర్థం చేసుకుంటాడు. ఏ ఆటకైనా ఒకేలా కూర్చోవాలి. మొదటి అడుగు జానెడు కూడా ఉండకూడదు. ఆ ఒక్క అడుగే గంటసేపు వేయించాడు.

భోజనం దగ్గర మాజీ ఆటగాళ్లు పక్కనే కూర్చుంటారు. గెలిచిన మ్యాచ్‌ల గురించి వాళ్లను అందరూ అడుగుతారు. మీరు మామూలు మంగళవారం ప్రాక్టీస్ ఎలా ఉండేదో అడిగి చూడండి, గంట తెలియకుండా గడిచిపోతుంది.

మ్యాచ్ రోజు టన్నెల్‌లోంచి పరుగెత్తమంటారు. 1927లో కట్టిన మా స్టేడియంలో 1,07,601 మంది పడతారు. ఆ రోజు సీట్లన్నీ ఖాళీ. కాంక్రీటు మీద మా క్లీట్స్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అక్కడ వేగం తగ్గించి ఒకసారి పైకి చూడండి. మీరు అన్నేళ్లు కూర్చున్న సీటు ఎక్కడుందో వెతుక్కోండి.

ఇంటికొచ్చాక మొదటి హోమ్ మ్యాచ్‌కి బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి) ముందు బంతిని వదిలేసి, ఆ ఐదుగురిలో మధ్యవాడికి ఎడమ పక్కన ఉండే ఎడమ గార్డ్ చేతి మీద చూపు పెట్టండి. మొన్న నేను పరుగు అని నాలుగుసార్లు అన్నాను, మూడుసార్లు పరుగే వచ్చింది.