చీకిపోయిన ద్వారబంధాన్ని బాగుచేసుకున్న తీరు

మా స్నానాలగది ద్వారబంధానికి నిత్యం నీళ్లు తగిలి, అడుగున రంగు పొరలుగా లేచిపోయింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మొన మెత్తగా లోపలికి దిగింది. వడ్రంగి మొత్తం మార్చాలన్నాడు. అందుకోసం గోడ పగలగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

చీకిపోయిన భాగాన్ని గట్టి చెక్క తగిలేదాకా ఉలితో తీసేశాను. అసలు పని ఆరబెట్టడమే. లోపల తడి ఉంటే పైన ఏది పూసినా నిలవదు. అందుకే ఆ గది వాడకం ఆపి, ఫ్యాను పెట్టి, చెక్క రంగు తేలికపడేవరకూ ఆగాను. రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీతో గుంత పూడ్చి, అది రాయిలా బిగిశాక 120, తర్వాత 220 నంబరు గరుకు కాగితాలతో రుద్దాను. ప్రైమరు ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు. నేలను ఆనుకునే అంచుకు సన్న కుంచెతో ఓపిగ్గా రంగు పట్టించాను. చెక్క నీరు పీల్చేది అక్కడినుంచే. చివరగా ఆ అంచుకూ నేలకూ మధ్య సందును సిలికాన్‌తో మూసేశాను.