అక్టోబరు సముద్రానికి రీల్, రాడ్ కొంటున్నారా? తెగేదాకా బిగించకండి

ఇటీవల భీమిలి వైపు రాళ్ల మీద గాలం వేస్తున్న ఒక కుర్రవాడి రాడ్ జాయింట్ దగ్గర రెండు ముక్కలైంది. విరిగిన అంచు చెంప చీల్చింది. ఆ అదురుకు కాలు జారి మోకాలి చిప్ప పగిలింది. పక్కన మనుషులున్నారు కనుక అంతటితో పోయింది. అతడి సామాను నాసిరకమేమీ కాదు, రీల్ బాగా ఖరీదైనదే. దారం ఎంత సులువుగా వదలాలో అమర్చే డ్రాగ్ నాబ్ మాత్రం ఇక తిరగనంతగా బిగించి ఉంది.

అక్టోబరు వచ్చేసరికి విశాఖ, భీమిలి, కాకినాడ తీరాల్లో కొత్త రాడ్లు కనిపించడం మొదలవుతుంది. తుఫానులకూ అదే కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు సముద్రం దగ్గరికి పోవద్దని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దుకాణంలో మొదలై రాళ్ల మీద పూర్తయ్యే తప్పు ఒకటుంది, నా మాటంతా దాని గురించే.

డ్రాగ్

స్పిన్నింగ్ రీల్‌లో దారం చుట్టి ఉండే స్పూల్‌కు డ్రాగ్ ఒక బ్రేకు. తెప్ప మీద చేతి గాలంతో వంజరం పట్టేవారిని గమనించండి. చేప లాగితే వేళ్ల మధ్య నుంచి దారం వదులుతారు, అది అలిసి ఆగితే లాక్కుంటారు. రీల్‌లో ఆ వేళ్ల పని డ్రాగ్ చేయాలి. దాన్ని పూర్తిగా బిగించారంటే దారాన్ని తీసుకెళ్లి కర్రకు ముడివేసినట్టే.

రీల్ పెట్టె మీద గరిష్ఠ డ్రాగ్ 10 కిలోలనో 12 కిలోలనో రాసి ఉంటుంది. చాలామంది ఆ అంకె చూసే కొంటారు, కొన్నారు కదా అని అంతా వాడుకోవాలనుకుంటారు. వాడాల్సింది అందులో కొంతే. మీ సామానులో అన్నిటికంటే బలహీనమైనది దారమో, ముడో, లీడరో (గాలానికి ముందు దారం కొసన కట్టే ముక్క) చూసుకోండి. అది తెగే బలంలో నాలుగో వంతు దగ్గర డ్రాగ్ పెట్టాలి, ఎంత ధైర్యం ఉన్నా మూడో వంతు దాటకూడదు. 30 పౌండ్ల బ్రెయిడ్ (సన్న పోగులతో అల్లిన దారం) సుమారు 13.5 కిలోల దగ్గర తెగుతుంది. అంటే డ్రాగ్ మూడున్నర కిలోల లోపే. చేత్తో లాగి చూసి సరిపోయిందనుకోవద్దు, చెయ్యి అబద్ధం చెబుతుంది. ప్రయాణాల్లో సామాను తూచే కొక్కెం త్రాసుకు దారం కట్టి, రాడ్‌ను వంచి పట్టుకుని లాగించండి. స్పూల్ తిరగడం మొదలైనప్పుడు త్రాసు చూపిన అంకే మీ డ్రాగ్.

బ్రెయిడ్ వచ్చాక ఈ తప్పు మరీ ప్రమాదంగా మారింది. నైలాన్ దారం సాగుతుంది కనుక చేప ఒక్కసారిగా గుంజినా ఆ దెబ్బలో కొంత దారమే మింగేది. బ్రెయిడ్ దాదాపు సాగదు, దెబ్బంతా రాడ్ మీదికీ మీ కాళ్ల మీదికీ వస్తుంది. డ్రాగ్ కదలకపోతే ముడి ఊడుతుంది, గాలం ముల్లు సాగిపోతుంది, లేదంటే కర్ర విరుగుతుంది. ఇవేవీ జరగకపోతే పాకుడు పట్టిన రాయి మీద మీ పాదం జారుతుంది. అన్నిటికంటే భయపడాల్సింది ఈ చివరిదానికి.

పెద్ద పార చేప పడుతుంది, దారం దూరంగా లాక్కుపోతుంది, స్పూల్ ఖాళీ అవుతుంటుంది. సరిగ్గా అప్పుడే కంగారులో నాబ్ ఇంకాస్త తిప్పుతారు. చేయాల్సింది దానికి ఎదురు. స్పూల్ మీద దారం తగ్గేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, నాబ్ ముట్టుకోకపోయినా లాగడానికి కావాల్సిన బలం పెరుగుతుంది. చుట్టు వ్యాసం సగానికి పడిపోతే మీరు పెట్టిన మూడు కిలోలు ఆరు కిలోలవుతాయి. నీళ్లలో ఉన్న దారం మీద నీటి ఒరిపిడి దీనికి అదనం. చేప దూరం పోతుంటే డ్రాగ్ వదులు చేయాలి, బిగించకూడదు. పోతే చేప పోతుంది.

రాడ్

కర్ర మీద రెండు అంకెలుంటాయి: దారం ఎంత, వేసే బరువు ఎంత. ఏ రీల్ అయినా ఈ రెండింటికి లోబడే ఉండాలి. చెరువుల్లో వాడే సన్న రాడ్‌కు 10000 నంబరు రీల్ తగిలించుకుని తిరిగేవారు ఎక్కువయ్యారు. ఆ రీల్ లాగగలదు, ఆ కర్ర ఓర్చలేదు. మన తీరంలో రాళ్ల మీద నుంచి, ఇసుక నుంచి పండుగప్ప, పార లాంటివాటికి 9 అడుగుల రాడ్, 20 నుంచి 60 గ్రాముల వరకు వేయగలది, దానికి 4000 నుంచి 6000 నంబరు రీల్, 30 పౌండ్ల బ్రెయిడ్ చాలు. ఒక కంపెనీ 5000, మరో కంపెనీ 5000 ఒకే పరిమాణం కావు. నంబరు పక్కన పెట్టి బరువు, దారం పట్టే మీటర్లు చూడండి. రాడ్‌కు రీల్ బిగించి చేతిలో పట్టుకుని చూడనిదే డబ్బు ఇవ్వకండి.

దారం దూరే గైడ్ రింగుల్లో దూది తిప్పండి. పోగు చిక్కుకుంటే పింగాణీ పగిలిందన్నమాట, ఆ రింగు బ్రెయిడ్‌ను కోసేస్తుంది. పట్టుకున్న చేపను పైకెత్తేటప్పుడు రాడ్‌ను నిలువు దాటి వెనక్కి వంచవద్దు. కార్బన్ కర్రలు ఎక్కువగా విరిగేది అక్కడే, అదీ కొస దగ్గర. జాయింట్‌ను మధ్య మధ్యలో నొక్కి చూడండి, వదులైన జాయింట్‌తో విసిరితే చీలుతుంది. ఆ పైన డ్రాగ్ కూడా బిగించి ఉంటే ఏమవుతుందో మొదటే చెప్పాను.

రీల్

బేరింగులు ఎన్ని ఉన్నాయని అడగడం మానేయండి. తుప్పు పట్టే పది కంటే ఉప్పుకు ఓర్చే నాలుగు మేలు. సముద్రంలో ముందుగా చెడేది దారం తిరిగే లైన్ రోలర్, వేలితో తిప్పి చూడండి. తేలిక కోసం మెగ్నీషియం బాడీ కొంటే, పూత గీసుకుపోయిన చోట ఉప్పు తింటుంది. ప్లాస్టిక్ బాడీ బరువు పడినప్పుడు వంగి పళ్ల చక్రాలు సరిగా పట్టవు. ఉప్పు నీటికి అల్యూమినియం బాడీయే నా ఓటు. డ్రాగ్‌ను కొంచెం బిగించి దారం లాగండి, కుదుపు లేకుండా సాఫీగా రావాలి. ఆగి ఆగి వస్తే ఎంత పేరున్న రీల్ అయినా వెనక్కి ఇచ్చేయండి.

ఇక వరసగా చెబుతాను.

స్పూల్‌ను అంచు దాకా నింపవద్దు, రెండు మిల్లీమీటర్లు వదలండి.

ఖాళీ స్పూల్‌కు నేరుగా బ్రెయిడ్ కట్టవద్దు. జారి మొత్తం తిరుగుతుంది. అడుగున కొంత నైలాన్ చుట్టండి.

రాళ్ల దగ్గర లీడర్ లేకుండా వేయవద్దు.

బ్రెయిడ్‌ను చేతికి చుట్టుకోవద్దు. తడి చేతికి అసలే వద్దు.

గాలం రాయికి తగులుకుంటే రాడ్ వంచి గుంజవద్దు. రాడ్‌ను దారానికి నేరుగా పెట్టి, స్పూల్ ఆపి, ముఖం పక్కకు తిప్పి వెనక్కి నడవండి. సీసం గుండు తిరిగి వచ్చే వేగం కంటికి కనిపించదు.

తాడుతో రాడ్‌ను నడుముకు కట్టుకోవద్దు. పోతే రాడ్ పోవాలి.

ఆకాశం తేటగా ఉందని నమ్మవద్దు. ఎక్కడో దూరాన పుట్టిన కెరటాలు ఇక్కడ గాలి లేకపోయినా వస్తాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, వెళ్లే ముందు చూడండి. నిలబడదలచిన రాయిని కాసేపు దూరం నుంచి గమనించండి. తడిసి ఉంటే అక్కడిదాకా అల వస్తుందని అర్థం.

ఉరుము వినపడితే రాడ్ కింద పెట్టండి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద విసరవద్దు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వారి, పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోనులో ఉంచుకోండి.

లైఫ్ జాకెట్ వేసుకోండి. నవ్వేవారిని నవ్వనివ్వండి.

చేప పడ్డాక డ్రాగ్ నాబ్ మీద చెయ్యి వేయవద్దు. వేస్తే వదులు చేయడానికే వేయండి.

రీల్‌ను బక్కెట్‌లో ముంచవద్దు, పైపు ధాటిగా కొట్టవద్దు. నాబ్ బిగించి, మంచినీళ్లు సన్నగా పోసి, తుడిచి, ఆరాక నాబ్ వదులు చేసి దాచండి. ఇంట్లో బిగించి వదిలేస్తే లోపలి ఫెల్ట్ వాషర్లు అణిగిపోతాయి.

జెల్ల చేప పడితే చేత్తో పట్టవద్దు, పటకారు వాడండి. దాని ముల్లులో విషం ఉంటుంది. దిగితే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటు ముంచి ఉంచి, తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. పసుపు అద్దుకుని మళ్లీ గాలం వేయడానికి కూర్చోవద్దు.