ఇంట్లో కాఫీ మొక్క – మూడో పాఠం: కిటికీ, ఉప్పుగాలి, నీళ్లు

పోయిన పాఠంలో మొక్కను పాలిథిన్ సంచిలోంచి కుండీలోకి మార్చాం. తల్లివేరు మడత పడకుండా లోతైన కుండీ తీసుకున్నాం. కాఫీ నర్సరీల్లో ఆరు పాళ్లు అడవిమట్టి, రెండు పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలుపుతారు. అడవిమట్టికి బదులు మనం ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు కలిపి వాడుకున్నాం. ఇంకా మట్టి తెచ్చుకోనివాళ్లు నర్సరీలో కొనుక్కోండి. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి కదా అని అక్కడ బస్తా నింపుకోవద్దు. వేల ఏళ్లుగా గాలీ నీరూ కలిసి పేర్చిన దిబ్బలవి, ఒక్క తట్ట పోయినా మళ్లీ రాదు.

కుండీ మారిన మొక్క రెండు మూడు రోజులు ఆకులు వాల్చి, మళ్లీ లేచి ఉంటుంది. ఇక దాన్ని ఎక్కడ పెట్టాలో చూద్దాం.

బాల్కనీలో మాత్రం వద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా మొదటి మొక్క. మాది లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు, బాల్కనీ సముద్రం వైపు. తూర్పు ముఖం, పొద్దుటి ఎండ, రోజంతా గాలి. కాఫీ మొక్కకి ఇంకేం కావాలి అనుకున్నాను. రెండు వారాలు తిరిగేసరికి ఆకుల అంచులు మాడటం మొదలైంది. దాహమేమో అనుకుని ఇంకాస్త నీళ్లు పోశాను. నెల తిరక్కుండానే కింది ఆకులు పసుపెక్కి రాలిపోయాయి. ఒకరోజు ఆకు మీద వేలు రాసి నాలుకకి తాకించుకుంటే ఉప్పగా తగిలింది. గాలి మోసుకొచ్చిన ఉప్పు ఆకుల్ని కాల్చింది. అది చూసి కంగారుపడి నేను పోసిన నీళ్లు వేళ్లను కుళ్లబెట్టాయి. మొక్క పోయింది. ఆ తర్వాత తెచ్చిన మొక్క అదే ఇంట్లో, అదే తూర్పు వెలుగులో, గాజు తలుపుకి ఇవతల నాలుగేళ్లుగా ఉంది. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది.

ఈ మొక్క పుట్టుక తెలిస్తే దాని చోటు ఎంచడం తేలిక. అరబికా కాఫీ ఇథియోపియా నైరుతి కొండల్లో, పెద్ద చెట్ల గొడుగు కింద పెరిగిన జాతి. మనకి దాన్ని చూడ్డానికి అంత దూరం వెళ్లనక్కర్లేదు. అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో ఓసారి ఆగండి. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ. తోటవాళ్లని అడిగి ఆ నీడలో కాసేపు నిలబడి అరచెయ్యి చాపండి. దాని మీద వెలుగు చుక్కలు చుక్కలుగా పడి కదులుతూ ఉంటుంది, ఎక్కడా చురుక్కుమనదు. గాలి ఆడుతుంది కానీ కొట్టదు. ఇంట్లో మీరు వెతకాల్సింది అలాంటి చోటు.

అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అరబికాకి హాయిగా ఉండే వేడి 15 నుంచి 25 డిగ్రీలు. మన విశాఖలో మే నెల వేడి 35 దాకా పోతుంది. కొండ చలిని ఇంట్లోకి తేలేం, నీడని తేగలం. గాల్లో తేమ మనకి ఊరే ఇస్తుంది. వేసవిలో పొడిగాలి కొట్టే లోతట్టు ఊళ్లలో కాఫీ పెంచేవాళ్లు కుండీ కింద గులకరాళ్ల పళ్లెం పెట్టి, ఆకుల మీద నీళ్లు చిలకరించి నానా తంటాలు పడాలి. విశాఖలో ఏసీ గదికి తప్ప ఆ పళ్లెం అక్కర్లేదు.

వెలుతురు చాలినంత ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రమేమీ వద్దు. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో కుండీ పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పరిచి, జానెడు ఎత్తున చెయ్యి పెట్టండి. నీడ కత్తిరించినట్టు స్పష్టంగా పడితే ఎండ ఎక్కువ, ఆకు మాడుతుంది. అంచులు చెదిరిన మెత్తటి నీడ పడితే అదే చోటు. నీడే కనబడకపోతే అక్కడ మొక్క బతుకుతుంది కానీ కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగి, సన్నగా సాగి, వెలుగు వైపు ఒరిగిపోతుంది.

తూర్పు కిటికీ అన్నిటికంటే మేలు. ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా పడే ఎండ వల్ల హాని లేదు, ఆ తర్వాత పల్చటి పరదా లాగండి. నేను పాత నూలు చీర కట్టాను, కొన్న కర్టెన్ కంటే వెలుగుని బాగా వడకడుతోంది. ఉత్తరం కిటికీ అయితే దాని పక్కనే పెట్టండి, పరదా అక్కర్లేదు. పడమర కిటికీ తప్ప గతిలేనివాళ్లు కుండీని గోడ నుంచి రెండడుగులు లోపలికి జరపండి, మూడు గంటల ఎండ నేరుగా తగలకూడదు. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతుంటే మొక్క ఒక పక్కకి వాలదు.

కాఫీని అద్దాల చాటున పెంచడం ఈనాటి సరదా కాదు. 1714లో ఆమ్‌స్టర్‌డామ్ నగర పెద్దలు ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి కానుకగా పంపింది ఒక కాఫీ మొక్కనే. ప్యారిస్ చలికి తట్టుకోలేదని రాజోద్యానంలో అద్దాల ఇంట్లో ఉంచి సాకారు. వాళ్లు చలి నుంచి కాపాడుకున్నారు, మనం ఎండ నుంచి, ఉప్పు నుంచి కాపాడుకుంటున్నాం.

ఉప్పు సంగతి ఇంకొంచెం చెప్పాలి. బీచ్ రోడ్డుకి, పెదవాల్తేరుకి, ఎంవీపీ కాలనీకి దగ్గర్లో ఉన్నవాళ్లు వారానికోసారి మెత్తటి తడిగుడ్డతో ప్రతి ఆకునీ తుడవండి. కింద అరచెయ్యి ఆనించి, తొడిమ నుంచి కొస వైపు, పైనా అడుగునా. పిండినల్లి ముందుగా చేరేది ఆకు అడుగున, తొడిమ మొదట్లో. దూదిలాంటి తెల్లటి మచ్చ కనిపిస్తే ఈ తుడుపులోనే పట్టుబడుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే మొక్కను కిటికీ లేని గదిలోకి మార్చండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాటాక ఊళ్లో చెట్లు ఎలా మోడులై నిలబడ్డాయో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రెండు రోజుల చీకటి కాఫీ మొక్కకి లెక్క కాదు.

ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, ఫ్రిజ్ వెనక వేడి, వంటింటి పొయ్యి పక్క, ఇవేవీ పనికిరావు. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే అందనంత ఎత్తున పెట్టండి. ఆకుల్లోనూ గింజల్లోనూ వాటికి హాని చేసే కెఫీన్ ఉంటుంది.

ఇక నీళ్లు. ఎక్కువమంది మొక్కను పోగొట్టుకునేది ఇక్కడే. రోజూ పొద్దున్న దేవుడికి దీపం పెట్టినట్టు మొక్కకి చెంబుడు నీళ్లు పోసే అలవాటు మన ఇళ్లలో ఉంది. తులసికి అది నడుస్తుంది, కాఫీకి నడవదు. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ రోజుకి వదిలెయ్యండి. పొడిగా ఉంటే అడుగు కన్నంలోంచి కారేదాకా నిదానంగా పోసి, పావుగంట తర్వాత పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబొయ్యండి. నిలవ ఉంచితే వేళ్లకీ చేటు, దోమలకీ స్థావరం. వేసవిలో రెండు మూడు రోజులకోసారి, వానాకాలంలో అయిదారు రోజులకోసారి అవసరం పడొచ్చు. ఈ అంకెల్ని నమ్మకండి, వేలిని నమ్మండి.

కాఫీ మొక్క దాహాన్ని దాచుకోదు. ఆకులన్నీ గుడ్డపేలికల్లా వేలాడేస్తుంది, నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో లేస్తుంది. మొదటిసారి చూస్తే గుండె గుభేలుమంటుంది. ఆకులు వాలగానే చెంబు అందుకోకండి, ముందు మట్టి చూడండి. మట్టి పొడిగా ఉంటే దాహం. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాలితే వేళ్లకి ఊపిరాడట్లేదు, అప్పుడు పోసే ప్రతి చుక్కా ప్రమాదమే. కుండీని గాలి ఆడే నీడలో పెట్టి, మట్టి పైపైన గుల్ల చేసి ఆరనివ్వండి.

ఏ నీళ్లన్నది కూడా ముఖ్యమే. కాఫీకి కొంచెం పులుపు గుణం ఉన్న మట్టి ఇష్టం, పీహెచ్ 6 నుంచి 6.5. సముద్రానికి దగ్గరి బోరు నీళ్లలో చాలాచోట్ల ఉప్పు, సున్నం ఎక్కువ. ఆ నీళ్లు నెలల తరబడి పోస్తే లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేకపోతోందని దానర్థం. కుళాయి నీళ్లు రాత్రంతా బకెట్లో నిలవబెట్టి వాడండి. వాన నీళ్లు దొరికితే అమృతం. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు. గది వేడికి వచ్చాక పోయొచ్చు, వేసవంతా నా మొక్క తాగేవి అవే.

పూల గురించి ఆశ పెట్టుకోవద్దు. కొండ మీద మార్చి, ఏప్రిల్‌లో పడే పూతవాన తర్వాత తోటంతా ఒక్కసారిగా మల్లెల్లా తెల్లబడుతుంది. మన ఇంట్లో ఆ బెట్టా, ఆ చలీ, ఆ వానా వరసగా రావు. మూడు నాలుగేళ్లకి నాలుగు పూలు వస్తే సంతోషం, రాకపోయినా నాకు లోటు లేదు. ఎదురెదురుగా జంటగా విచ్చుకునే ఆ ఆకుల మెరుపు కోసమే నేను పెంచుతున్నాను. మా అమ్మ దాన్ని మొదటిసారి చూసి, “ఇది నూరు వరహాల మొక్క కాదుటే?” అంది. అమ్మ కన్ను తప్పలేదు, రెండూ రూబియేసీ కుటుంబానివే.

ఈ వారం పని: ఏడు రోజులూ వేలు దించి, మట్టి తడో పొడో, నీళ్లు పోశారో లేదో క్యాలెండర్ గడిలో రాయండి. వచ్చే పాఠంలో కత్తెర పట్టుకుంటాం. ఈలోగా మొక్కలో నిటారుగా లేచే కాండం ఏదో, అడ్డంగా చాచుకునే కొమ్మలు ఏవో గుర్తుపట్టి ఉంచుకోండి. నిటారు చిగురు ముక్క నాటితే నిటారు మొక్క వస్తుంది. అడ్డకొమ్మ ముక్క వేళ్లు తన్నినా, ఎన్నేళ్లయినా అడ్డంగానే పాకుతుంది. మీ మొక్కలో నిటారు చిగురు ఒక్కటే ఉంటే దానికి ఓ దారం కట్టి పెట్టండి.