మూడో కథకే మీ దీవి చప్పబడుతోందా? ముందు నీళ్ళు చూడండి

పిల్లల కథల కోసం దీవిని కల్పించేవాళ్ళు పటం పట్టుకొచ్చి నన్ను అడిగేది ఒకటే. "మొదటి రెండు కథలు బాగానే వచ్చాయి, ఆ తర్వాత కదలడం లేదు. ఒక రాక్షసుణ్ణి పెట్టమంటారా?" ఆగండి. వాడి సంగతి చివర్లో చూద్దాం.

లక్షణం: చదువుతుంటే పిల్లలు నవ్వుతారు, నవ్వాల్సిన చోట కాదు.

కారణం: సూర్యుడు. నెల్లూరు, ప్రకాశం తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊళ్ళ వెనక్కి దిగుతాడు. ఒడ్డు కనిపించేంత దగ్గర్లో దీవిని పెట్టి, సాయంత్రం సూర్యుణ్ణి సముద్రంలో ముంచితే మైపాడు పిల్లవాడు ఊరుకుంటాడా?

పరిష్కారం: పటం మీద తూర్పు ఎటో గుర్తు పెట్టండి. అర నిమిషం పని. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పెట్టరు.

లక్షణం: వెతికితే తప్పేమీ దొరకదు, కథ మాత్రం చప్పగా ఉంటుంది. పిల్లలు దీవంతా తిరుగుతారు, గుడిసెకు వస్తారు. ఎవరికీ ఎవరితోనూ పని పడదు.

కారణం: దీవి మధ్యలో కొండ, కొండ మీంచి సెలయేరు. పటం గీసేటప్పుడు చేయి దానంతట అదే గీసేస్తుంది, కాబట్టి అనుమానం రాదు. నేనూ గీశాను. ఐదు కథలు రాసి, కొత్తపట్నం వైపు ఒక బడిలో చదివాను. చేపల వేటకు వెళ్ళే ఇంటి అమ్మాయి లేచి, "ఇసుక దిబ్బ మీద ఏరు ఎక్కడిది సార్? చెలమ తీసుకోవాలి గానీ" అంది. చెలమ అంటే ఇసుకలో తవ్వుకునే నీటి గుంట. మోచేతి దాకా చేయి కిందికి దించి చూపించింది. "ఇంతే తీయాలి. ఇంకా తీస్తే ఉప్పు నీళ్ళొస్తాయి."

అమ్మాయి చెప్పింది నిజం. ఇసుకలోకి ఇంకిన వాననీరు తేలిక కనుక ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల మేర దాని ఊట ఉంటుందని లెక్క. పైనుంచి ఎక్కువ తోడేస్తే కింది ఉప్పు పైకి ఎక్కి వస్తుంది. కార్తీక మాసపు వానలకు నిండిన చెలమ ఎండలు ముదిరేసరికి ఉప్పదనం పట్టవచ్చు.

పరిష్కారం: సెలయేటిని చెరిపేయండి. కొండనూ చెరిపేస్తే మరీ మంచిది. పులికాట్‌కూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోటకు ఏ కొండ ఉంది? దీవి మొత్తానికి ఒకే చెలమ పెట్టండి, గుడిసెలకు దూరంగా. కొబ్బరి చిప్పతో నీళ్ళు తోడి, ఇసుక తేరుకునేదాకా కూర్చుని, మళ్ళీ తోడాలి. కడవ నిండేలోపు రెండో కుటుంబం వస్తుంది. వరుస ఎవరిది? రాత్రి ఎవరో ఆశపడి లోతుగా తవ్వారు, తెల్లారేసరికి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. నా ఆరో కథ ఇదే. తర్వాతి నాలుగూ ఆ గుంట చుట్టూనే తిరిగాయి.

దీవి పేరు కుదరలేదని, జంతువులు చాలలేదని ఆగిన కథలు అరుదు. పేరు రేపు మార్చుకోవచ్చు.

రాక్షసుడు ఉండాల్సిందేనంటే చెలమ పక్కన పెట్టండి. వాడికీ దాహం వేస్తుంది.